అందరూ అడిగారు

సాయంత్రం ఏడయ్యేసరికి చిన్నది హాస్టలు మెట్ల మలుపులో కిటికీ గట్టు మీదికి చేరేది. అక్కడైతే మెట్ల దీపం వెలుతురు మొహం మీద పడుతుంది, ఫోను గోడకు ఆనించి రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవచ్చు. చేతులతో మాట్లాడేవాళ్ళకు ఫోను పట్టుకోవడమంటే నోట్లో గుడ్డ కుక్కుకోవడమే. ఏడు దాటగానే తెర మీద అక్క మొహం వెలిగేది. ఆ వెనక వంటింటి గోడా, దాని మీద నాన్న బాగుచేసినా ఇంకా ఎవరూ వచ్చి తీసుకుపోని గడియారాలూ కనిపించేవి.

తిన్నావా అని చేత్తో అడిగి, జవాబు వచ్చీ రాకముందే అక్క జాబితా మొదలుపెట్టేది. అత్త అడిగింది. నాన్న అడిగాడు. ఎదురింటి దర్జీ అడిగాడు. మందుల షాపాయన మాత్రలు పొట్లం కడుతూ కడుతూ ఆగి మరీ అడిగాడు. మేడ మీది టీచరమ్మ రోజూ అడుగుతూనే ఉంది. చూపుడు వేలు గడ్డానికి తాకించి ఎదుటి మనిషి వైపు తిప్పితే వాళ్ళిద్దరి భాషలో అడగడమని అర్థం. ఆ సైగ ఏ బళ్ళోనూ నేర్పరు. చిన్నదానికి నాలుగేళ్ళూ అక్కకు పదేళ్ళూ ఉన్నప్పుడు మొదలుపెట్టి ఇద్దరూ కనిపెట్టుకున్న నాలుగైదు వందల సైగల్లో అదొకటి. అక్క వేలు అలా తన వైపు తిరిగినప్పుడల్లా చిన్నదానికి ప్రాణం లేచొచ్చేది.

ఇంట్లో ఆమెను చిన్నది అనే అంటారు. పద్దెనిమిదేళ్ళు నిండి, కెమిస్ట్రీ చదవడానికి నాలుగు గంటలు బస్సులో కూర్చుని కాలేజీకి వచ్చినా ఆ పేరు మాత్రం పెరగలేదు. పుట్టినప్పటినుంచీ ఆమెకు వినిపించదు. కుడి చెవికి యంత్రం ఉంది. దాని పుణ్యమా అని పళ్ళాల చప్పుడూ బస్సు హారనూ మేకుల్లా గుచ్చుకుంటాయి కానీ మనిషి మాట మాత్రం మాటలా రాదు. గొంతు ఉంది. మాట కూడా వచ్చు. ఒక ఓపిక గల టీచరు ఎనిమిదేళ్ళు అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పింది. కానీ కొత్తవాళ్ళు ఆ మాట విని "ఆఁ?" అంటూ మొహం ముందుకు చాపుతారు. అలా చాపిన మొహాలు చూసీ చూసీ ఆరో తరగతి తర్వాత బయటివాళ్ళ ముందు ఆమె నోరు విప్పడం మానేసింది.

అమ్మ పోయినప్పుడు చిన్నదానికి మూడేళ్ళు. అప్పటినుంచి ఇంట్లో నలుగురే: గోడ గడియారాలు బాగుచేసే నాన్న, నాన్నకు అక్కయిన అత్త, అక్క, చిన్నది. నాన్నకు వచ్చిన సైగలు మూడు. తిను, పడుకో, రా. ఆయన గడియారంలో ఎన్ని పళ్ళ చక్రాలున్నా విప్పి బిగించగలడు కానీ నాలుగో సైగ జోలికి ఎన్నడూ పోలేదు. అత్తకు ఆ మూడూ రావు. ఆవిడ చిన్నదానితో గొంతు చించుకుని మాట్లాడేది, అరిచిన కొద్దీ వినికిడి పెరుగుతుందన్నట్టు. అందుకని ఆ ఇంట్లో మాటలన్నీ అక్క చేతుల మీదుగానే నడిచేవి. అక్క పగలంతా కళ్ళజోళ్ళ షాపులో జనం చేత గోడ మీది అక్షరాలు చదివిస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఇంటిల్లిపాదినీ చిన్నదానికి చదివి వినిపిస్తుంది.

ఇక కాలేజీ సంగతి. అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చెడ్డవాళ్ళయితే కథ చెప్పేవాళ్ళకు పని సులువయ్యేది. సైగలు తెలిసిన మనిషి కావాలని చిన్నది అర్జీ పెట్టుకుంటే, వెతికి వెతికి ఎవరూ దొరక్క, ఒక టైపిస్టును ఇచ్చారు. ముప్ఫై నాలుగేళ్ళు కోర్టులో సాక్షుల మాటలు టైపు చేసి రిటైరైన పెద్దాయన. క్లాసులో ఆమె పక్కన కూర్చుని, వినబడే ప్రతి మాటా లాప్‌టాప్‌లో కొడితే, ఆమె తెర మీద చదువుకోవాలి. ఏర్పాటు అదీ. మొదటి రోజే ఆయన తన షరతు టైపు చేసి చూపించాడు: "విన్నది వదలను. విననిది కలపను." కోర్టు లేచేదాకా వేళ్ళు ఆపకపోవడం ఆయనకు ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. క్లాసు అయిపోయి లెక్చరరు గుమ్మం దాటినా, అందరూ లేచేదాకా కొడుతూనే ఉంటాడు, అదీ పాత మిషను మీటలను దంచినట్టు దంచుతూ.

తెర మీద ఇలా ఉండేది:

"లెక్చరరు: ఈ చర్యలో వేడి బయటికి వస్తుంది.

లెక్చరరు దగ్గారు.

వెనక బెంచీ: నవ్వు. కారణం వినిపించలేదు."

మొదటి వారమంతా చిన్నది ఆ తెరకు కళ్ళప్పగించేసింది. జనం ఇన్ని మాట్లాడుకుంటారని ఆమెకు తెలియదు. గదికి వెళ్ళాక కూడా ఆ పేజీలే తెరిచి, పాఠం వదిలేసి, అటూ ఇటూ ఉన్న మాటలు చదువుకునేది. ఎవరి చొక్కా ఎక్కడ కొన్నారో, ఎవరి జ్వరం ఎప్పుడు తగ్గిందో, నిన్న ఎవరు ఎందుకు రాలేదో అన్నీ అందులో ఉండేవి. చూడగా చూడగా ఒక సంగతి తేలింది. అందరూ అందర్నీ అడుగుతున్నారు. తననే ఎవరూ అడగటం లేదు. టైపిస్టు గారు వదిలే మనిషి కాదు కనక, ఎవరైనా ఒక్కసారి అడిగి ఉంటే అది తెర మీద ఉండి తీరాలి. లేదు. మూడు నెలల పేజీలు వెనక్కి తిప్పి చూసింది. ఎక్కడా లేదు.

ల్యాబులో ఆమె చెయ్యి బాగుండేది. పైన గాజు గొట్టంలోంచి ఒక్కో చుక్కే వదులుతూ, కింద ఫ్లాస్కులో నీళ్ళు లేత గులాబీ రంగుకు తిరిగే చుక్క దగ్గర టక్కున ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైనా రంగు ముదిరి పని చెడుతుంది. గడియారాల ఇంటి పిల్ల కదా, వేళ్ళు వణకవు. ఒకనాడు ల్యాబు మాస్టారు ఆమె ఫ్లాస్కు పైకెత్తి క్లాసంతటికీ చూపించి "రంగంటే ఇదీ" అన్నాడు. టైపిస్టు గారు అది కొట్టారు. అందరూ ఫ్లాస్కు కేసి చూశారు. తర్వాత దాన్ని తొట్టిలో పారబోశారు. ఆ ఫ్లాస్కు ఎవరిదని అడిగినవాళ్ళు లేరు.

హాస్టలు గదిలో ఆమెతో ఉండే అమ్మాయి కూడా మంచిదే. పొద్దున్నొక నవ్వూ సాయంత్రమొక నవ్వూ నవ్వేది. మిగతా వేళంతా రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పుస్తకంలో తల దూర్చేది. భోజనాల హాల్లో చిన్నది చెవి యంత్రం తీసి జేబులో వేసుకుని, గోడ వైపు చివరి కుర్చీలో కూర్చుని, పది నిమిషాల్లో తినేసి లేచేది. అంతమంది మధ్య అలా ఒంటిగా తినడం ఎంత కష్టమో తిన్నవాళ్ళకే తెలుస్తుంది. మొదట్లో కడుపు నిండకుండా లేచేది, తర్వాత తర్వాత ఆకలి వేయడమే మానేసింది. ఆదివారాలు మరీ ఘోరం. క్లాసులుండవు, టైపిస్టు గారు రారు, పొద్దుటినుంచి సాయంత్రం ఏడు దాకా ఒక్క మాట కూడా ఆమె కంటపడేది కాదు.

అలాంటి ఒక ఆదివారం ఆమె నిర్ణయించేసుకుంది. ఇంటి దగ్గర అత్త, నాన్న, దర్జీ, మందుల షాపాయన, టీచరమ్మ, ఇంతమంది తనకోసం కొట్టుకుపోతుంటే, ఎవరికీ పట్టని ఈ చోట వేలాడటం ఎందుకు? సోమవారం ఆఫీసుకు వెళ్ళి చదువు మానుకునే ఫారం తెచ్చుకుంది. ఏడింటికి అక్కకు చూపించింది.

"ఇంకో నెల చూడు" అంది అక్క.

"ఎందుకు? ఇంట్లో అందరూ నన్ను అడుగుతున్నారుగా. వచ్చేస్తాను."

చేతులతో నీళ్ళు నమలడం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ సాయంత్రం అక్కను చూడాల్సింది. చెయ్యి లేచింది, సగంలో ఆగింది, జుట్టు సర్దుకుంది, మళ్ళీ లేచింది. చివరికి "అడుగుతున్నారు" అని వేలు గడ్డానికి తాకించి, సరే అంది.

ఫారం మీద తండ్రి వచ్చి సంతకం పెట్టాలి, వార్డెను ఎదుటే పెట్టాలి. తాను దేనికి ఒప్పుకుంటోందో పిల్లకు తెలియాలి కాబట్టి టైపిస్టు గారు కూడా ఉండాలి. శనివారం పదకొండింటికి రమ్మన్నారు. నాన్న, అత్త, అక్క ముగ్గురూ పొద్దున్నే బయల్దేరి వచ్చారు. అక్క రెండు చేతుల్లోనూ రెండు సంచులు. ఒకదాన్లో నీళ్ళ సీసాలూ తిండి డబ్బాలూ, ఇంకోదాన్లో బస్సు సీటు మీద వేసుకునే అత్త మెత్త, చిన్నది సామాను సర్దడానికి ఖాళీ సంచులూ.

వార్డెను ఫారం అంతా చదివించి, కిందా మీదా చూసి, "ముద్ర పై అంతస్తులో ఉండిపోయింది, తెస్తాను కూర్చోండి" అని వెళ్ళింది. గదిలో బల్లకు ఒక వైపు నాన్న, అత్త, మధ్యలో అక్క. ఇంకో వైపు చిన్నది, పక్కన టైపిస్టు గారు. ఎవరూ లేవలేదు కాబట్టి ఆయన వేళ్ళు ఆగలేదు.

అత్త నోరు కదిలింది. అక్క చేతులు వెంటనే లేచాయి. "చిక్కిపోయావంటోంది అత్త. సరిగ్గా తింటున్నావా అని అడుగుతోంది."

చిన్నది మురిసిపోయి తల ఊపింది. ఊపుతూ అలవాటుగా తెర కేసి చూసింది.

"అత్త: ఈ కుర్చీలేంటే బాబూ, రాళ్ళలా ఉన్నాయి."

నాన్న ఏదో అన్నాడు. "నిన్ను చూశాక నాన్న మనసు కుదుటపడిందట" అన్నాయి అక్క చేతులు.

"నాన్న: తిరుగు బస్సు రెండున్నరకా, మూడుకా?"

టైపిస్టు గారు ఎక్కడో పొరపడ్డారనుకుంది చిన్నది. కానీ మూడు నెలల్లో ఆయన ఒక్క దగ్గు కూడా పొరపాటున కొట్టలేదు. ఆమె నాన్న పెదాల కేసి చూసింది. ఆయన మళ్ళీ అదే అడుగుతున్నాడు. మూడు అనేటప్పుడు పెదాలు ఎలా ముడుచుకుంటాయో ఆమె అద్దంలో ఎనిమిదేళ్ళు చూసింది. అది మూడే. తెర మీద అక్షరాలు వస్తూనే ఉన్నాయి.

"అక్క: రెండున్నరకే నాన్నా. అత్తా, చిన్నది నీ మోకాలు ఎలా ఉందని అడుగుతోంది.

అత్త: నా తల్లే. ఎంత దూరాన ఉన్నా రోజూ అడుగుతుంది.

అక్క: నీ దగ్గు తగ్గిందా అంటోంది నాన్నా.

నాన్న: తగ్గిందని చెప్పు."

చిన్నది చేతులు ఒళ్ళో ఉన్నాయి. అవి కదలనేలేదు. అత్తకు మోకాలి నొప్పి ఉందన్న సంగతే ఆమెకు తెలియదు. నాన్న దగ్గుతాడనీ తెలియదు. ఆమె ఎవర్నీ, ఏ రోజూ, ఏమీ అడగలేదు.

అంటే అటు నుంచి వచ్చిన అడగడాలూ ఇటు నుంచి వెళ్ళిన అడగడాలూ అన్నీ అక్క వంటింట్లో తయారైనవే. మరి దర్జీ? మేడ మీది టీచరమ్మ? మాత్రలు కడుతూ ఆగి మరీ అడిగిన మందుల షాపాయన? మాత్రలు మాత్రం నిజమే అయ్యుంటాయి, అత్త మోకాలికి. ఇంటి నిండా, వీధి నిండా తన కోసం నిలబడి ఉన్నారనుకున్న జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయినట్టయింది. చివరికి ఆ వీధిలో అక్క ఒక్కతే మిగిలింది. చిన్నదానికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ తర్వాత భయం వేసింది. ఇక్కడ ఎవరూ లేరని ఇంటికి పోదామనుకుంది. అక్కడా ఎవరూ లేరు. ఫారం మీద సంతకం పడితే ఆమె వెళ్ళేది ఎక్కడికి?

అక్క చేతులు ఇంకా ఏదో చెబుతున్నాయి. అవి చెబుతుండగానే చెల్లెలి చూపు తన చేతుల మీద లేదని గమనించి, అది ఎక్కడుందో వెతికి, అక్క కూడా తెర చూసింది. బల్ల మీదికి వంగి నాలుగు వరుసలు చదివింది. చేతులు నెమ్మదిగా దించి ఒళ్ళో పెట్టుకుంది.

టైపిస్టు గారికి సైగలు రావు. కానీ ముప్ఫై నాలుగేళ్ళు సాక్షుల మొహాలు చూసిన మనిషి. ఆయన వేళ్ళు మీటల మీద ఒక్క క్షణం తటపటాయించాయి. కావాలంటే మూత వేసేయొచ్చు. లేదా అత్త నోట మంచి మాటొకటి కొట్టి పెట్టొచ్చు, ఎవరికి తెలుస్తుంది? ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఉన్నదున్నట్టు కొట్టాడు.

"ఎవరూ మాట్లాడటం లేదు."

ఆ వరుస చిన్నది చదివింది. ఆ తర్వాత ఆరో తరగతినుంచి మూసి పెట్టిన నోరు విప్పింది. నాలుక ఎక్కడ ఆనాలో, గాలి ఎక్కడ వదలాలో గుర్తు చేసుకుంటూ, బరువు మోసుకుంటూ మెట్లెక్కినట్టు ఒక్కో ముక్కా పైకి తెచ్చింది. తన మాట తనకు వినపడదు కాబట్టి అది ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. "ఆఁ?" అంటూ చాపే మొహం కోసమే ఎదురుచూసింది.

టైపిస్టు గారి వేళ్ళు దంచాయి.

"అమ్మాయి: అత్తా, మోకాలు ఎలా ఉంది?"

మూడు నెలల్లో ఆ తెర మీద ఆమె మాట రావడం అదే మొదలు. ఇన్నాళ్ళూ లెక్చరర్లున్నారు, వెనక బెంచీ ఉంది, కిటికీ అవతల కేకలేసిన తోటమాలి కూడా ఉన్నాడు. ఆమె లేదు. ఇప్పుడుంది. ఈయన విననిది కలిపే మనిషి కాదు. అయితే వినిపించిందన్న మాట.

అత్త అలవాటు కొద్దీ అక్క వైపు తిరిగింది, ఏమంటోందో చెప్పమన్నట్టు. అక్క కదల్లేదు. అత్త మళ్ళీ చిన్నదాని వైపు తిరిగింది. ఈసారి అరవలేదు. మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"అత్త: మెట్లెక్కితే పట్టేస్తుందే. దిగితే ఇంకా పట్టేస్తుంది. మొదట ఎడమదే. ఇప్పుడు కుడిది కూడా.

అమ్మాయి: ఎప్పటినుంచి?

అత్త: నువ్విక్కడికొచ్చిన వారం నుంచి. బస్సు దగ్గర ఆ గట్టు దూకానా, అక్కడ బెణికింది. నేనేమో తగ్గుతుందిలే అని ఊరుకున్నా. ఊరుకుంటే ఊరుకుంటుందా?

అత్త మోకాలు చూపించారు."

అదేం గొప్ప సంభాషణ కాదు. అత్త మోకాలి కథ కదిపితే అంత త్వరగా తేలేది కాదని ఆ వీధి మొత్తానికీ తెలుసు. ఏ నూనె రాస్తే ఏమైంది, ఏ డాక్టరు ఎంత సేపు కూర్చోబెట్టాడు, కట్టు ఎలా కట్టుకోవాలి, అన్నీ వరసగా వచ్చాయి. చిన్నది ఒక్క ముక్క వదలకుండా చదివింది. మధ్యలో ఆమె అడిగిన రెండు ప్రశ్నల్లో ఒకటి సరిగా పలకలేదు. టైపిస్టు గారు మొహమాటపడకుండా "అమ్మాయి: స్పష్టంగా లేదు" అని కొట్టారు. ఆమె మళ్ళీ చెప్పింది. అప్పుడు కొట్టారు.

మోకాలు అయిపోయాక అత్త ఊపిరి తీసుకుని, ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"అత్త: అవునే, నీ సంగతేంటి? ఇక్కడ నిన్నెవరైనా పలకరిస్తారా?"

చిన్నది ఆ వరుసను రెండుసార్లు చదివింది. అక్క చేతుల మీద కాదు, అక్షరాల్లో ఉంది. అత్తే అడిగింది.

"అమ్మాయి: లేదు. నేను కూడా ఎవర్నీ పలకరించలేదు."

అత్త బల్ల మీదుగా చెయ్యి చాచి చిన్నదాని మణికట్టు పట్టుకుని, కాసేపు ఉంచి, వదిలింది. ఆ పట్టుకోవడాన్ని టైపు చెయ్యడానికి టైపిస్టు గారి దగ్గర మాట లేనట్టుంది, ఆ వరుస ఖాళీగా ఉండిపోయింది.

వార్డెను ముద్ర పట్టుకుని వచ్చింది. "ఏం నిర్ణయించుకున్నారు?" అంది. నాన్న కలం మూత తీసి చిన్నదాని కేసి చూశాడు. ఫారం బల్ల మధ్యలో ఉంది. చిన్నది దాన్ని తన వైపు లాక్కుని, నాలుగు మడతలు వేసి, చెవి యంత్రం పెట్టుకునే జేబులో పెట్టుకుంది. చించలేదు. సోమవారం నుంచి ఎవరో వచ్చి తనను అడుగుతారన్న భ్రమ ఆమెకు లేదు. గోడ పక్క కుర్చీ అక్కడే ఉంటుంది, ఆదివారాలూ వస్తాయి. "ఇప్పుడు వద్దు" అంది గొంతుతోనే. అర్థం కాక వార్డెను మొహం ముందుకు చాపింది. టైపిస్టు గారు లాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పి చూపించి, మళ్ళీ తన వైపు తిప్పుకుని, "అందరూ లేచారు" అని కొట్టి మూత వేశారు.

బస్సు కాలేజీ గేటు ఎదురుగానే ఆగుతుంది. అత్త కాళ్ళీడ్చుకుంటూ ముందు ఎక్కేసి, కిటికీ పక్క సీటు పట్టుకుంది. నాన్న చిన్నదాని ముందు నిలబడి తన సైగలు తీశాడు. తిను. పడుకో. మూడోదానికి కూడా చెయ్యి లేచింది, కానీ రా అని పిలవడానికి ఇప్పుడు వీలు లేదు కదా, గాల్లో ఏం చెయ్యాలో తెలియక ఆ చేత్తో చొక్కా జేబు తడుముకుని వెళ్ళి బస్సెక్కాడు.

అక్క మిగిలింది. చేతుల్లో అవే రెండు సంచులు. గదిలోంచి బయటికొచ్చినప్పటినుంచీ ఆమె చెల్లెలి మొహం చూడలేదు. రోడ్డు చూస్తోంది, బస్సు చక్రం చూస్తోంది.

చిన్నదానికి చాలా అడగాలని ఉంది. ఎన్నేళ్ళుగా ఇలా చేస్తున్నావు? దర్జీ ఒక్కసారైనా అడిగాడా? నన్ను పిచ్చిదాన్ని చేశావా? కోపం ఇంకా పోలేదు. అడగడానికి చేతులు ఎత్తింది కూడా. ఎత్తిన తర్వాత తట్టింది. రోజూ ఏడింటికి వచ్చిన ఆ జాబితాలో వీధి వీధంతా ఉండేది. ఒక్క అక్కే ఉండేది కాదు. ఇటు అడిగినవాళ్ళలో లేదు, అటు చిన్నది ఎవరెవర్ని అడిగిందని చెప్పిందో వాళ్ళలోనూ లేదు. పద్నాలుగేళ్ళు అందరి క్షేమాలూ అటూ ఇటూ మోసిన మనిషిని నువ్వెలా ఉన్నావని ఆ ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అబద్ధానికైనా అడిగారని చెప్పడానికి అక్కకు ఇంకో అక్క లేదు.

చిన్నది చూపుడు వేలు గడ్డానికి తాకించి, అక్క వైపు తిప్పింది. నువ్వు. నువ్వెలా ఉన్నావు?

అక్క చూసింది. అర్థం కానట్టు వెనక్కి తిరిగి బస్సు కేసి చూసింది, ఎవరి గురించో అడుగుతోందనుకుని. మళ్ళీ ఇటు తిరిగింది. చిన్నది వేలు ఇంకా అక్కవైపే ఉంది.

బస్సు హారను చిన్నదాని కుడి చెవిలో మేకులా దిగింది. కిటికీలోంచి అత్త చెయ్యి ఊపుతోంది, రమ్మని. కండక్టరు తలుపు రేకు మీద బాదుతున్నాడు. చేతుల్లో సంచులున్నాయి కాబట్టి బాగానే ఉన్నానని తలాడించి అక్క బస్సెక్కేయొచ్చు. అలా తలాడిస్తే ఎవరూ ఇంకో మాట అడగరు.

అక్క రెండు సంచులూ రోడ్డు మీద పెట్టింది.